లోకం మునిగేనాటికి ఒక జీపు

పాత బండ్ల వ్యాపారంలో నాకు ఇరవై రెండేళ్లు నిండాయి. ఉద్యోగం వచ్చిందని కొన్నవాళ్లను చూశాను, పక్కింటివాడు కొన్నాడని కొన్నవాళ్లను చూశాను. లోకం కూలిపోబోతోంది, దానికి తగిన బండి చూపించమని అడిగినవాడు మాత్రం మా బావ ఒక్కడే.

బావ బీమా ఏజెంటు. మనిషికి ఎన్ని రకాలుగా కీడు జరగవచ్చో పాతికేళ్లపాటు ఊరందరికీ చెప్పి చెప్పి, చివరికి తనే నమ్మేశాడు. ఆ ఆదివారం పొద్దున ముందుగా ఫోన్ చేసి, నోటుపుస్తకం చంకన పెట్టుకుని, మా అక్క స్కూటరు మీద నా షెడ్డుకు వచ్చాడు.

"చూడవోయ్, అంతా కూలాక కరెంటుండదు, ఫోన్లుండవు. మెకానిక్కులు వాళ్ల ప్రాణాలు వాళ్లు చూసుకుంటారు. కాబట్టి బండిలో కంప్యూటర్ ఉండకూడదు. సుత్తి, పానా ఉంటే బాగవ్వాలి. ఏ నూనె పోసినా నడవాలి."

"ఏ నూనైనా అంటే?"

"తలకు రాసుకునేదైనా సరే."

మూడేళ్లుగా నా షెడ్డులో ఒక మూల ఆక్రమించుకుని కూర్చున్న డీజిలు జీపు నాకు ఒక్కసారిగా అందంగా కనిపించింది. దాని అద్దాలు పైకి లేవవు. హారన్ మోగదు. బావకు అవన్నీ సుగుణాలే అయ్యాయి. "సామాను తక్కువ, జబ్బులూ తక్కువ" అంటూ టిక్కులు పెట్టుకున్నాడు. తాళం తిప్పగానే జీపు గర్జించింది. గర్జించదా మరి! ఫోన్ రాగానే దారినపోయే ట్రాక్టరుతో లాగించి స్టార్టు చేసి, ఇంజను వేడెక్కేలా అరగంటపాటు నడిపి ఉంచాను. మా వ్యాపారంలో అది ఫోటోకు ముందు తల దువ్వుకోవడం లాంటిది.

స్కూటరు ఇచ్చి, పైన కొంత కలిపి, జీపు తీసుకునేలా బేరం కుదిరింది. స్కూటరు తాళం నా జేబులో పడింది.

"అక్కకు చెప్పారా బావా?"

"జీపు చూస్తే తనే సంతోషిస్తుందిలే."

అంటే చెప్పలేదన్నమాట. అక్కకు ఊరి అవతలి చివర కుట్టు దుకాణం ఉంది. పదకొండేళ్లుగా బట్టల మూటలన్నీ ఆ స్కూటరు మీదే మోస్తోంది. అది పోతే మూటలతో రెండు బస్సులు మారాలి. ఒక పక్క ఖాళీ అయ్యే మూల, ఇంకో పక్క అక్క. అక్క ఎదురుగా లేదు కనుక లెక్క మూలవైపే మొగ్గింది.

ఇంటిముందు స్కూటరు కనపడక వెతుక్కుంటూ, పావుగంటలో అక్క ఆటో దిగింది.

"నా బండేదిరా?"

సంగతంతా బావే చెప్పాడు. అక్క జీపు అందం చూడలేదు. నేరుగా వెళ్లి బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. పాత బండి కొనేముందు ఇంజను చల్లగా ఉందో లేదో తాకి చూడాలని నాన్న ఇదే షెడ్డులో మొదట నేర్పిన పాఠం అదే. నేర్చుకున్నది నేనొక్కణ్నే కాదు.

"ఇంత వేడిగా ఉందేంరా?"

"ఎండక్కా."

"షెడ్డులోనా?"

నేను రేకుల కప్పువైపు చూశాను. అందులో చిల్లు కూడా లేదు.

అక్క బావవైపు తిరిగింది. "లోకం మునిగాక రోజూ మీరు లేచేసరికి వీడొచ్చి ఇంజను వేడిచేసి పెడతాడా? చల్లారనివ్వండి. అప్పుడు స్టార్టయితే స్కూటరు వాడిదే. కాకపోతే నాది నాకు."

బావ ఒప్పుకున్నాడు. నేను వద్దనే వీల్లేదు. రెండు గంటలు కూర్చున్నాం. ఆలోగా అక్క స్కూటరు ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించింది. సంచిలోంచి కుట్టుమిషను నూనె తీసి బ్రేకు తీగకు రెండు చుక్కలు వేసింది.

బావ నోరు తెరిచాడు. "ఇవన్నీ నువ్వే చేస్తావా? ఎవరో మెకానిక్కు ఉన్నాడనుకున్నా."

"ఉంది. రోజూ పొద్దున మీరు కాఫీ అడిగేది ఆ మెకానిక్కునే."

ఇంజను చల్లారింది. బావ తాళం తిప్పాడు. జీపు ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గడానికి కూడా బద్ధకించింది. బావ నోటుపుస్తకం చూసి సుత్తి అడిగాడు. ఎక్కడ కొట్టాలో మాత్రం అందులో రాసుకోలేదు. ఇద్దరం కలిసి తోశాం. గేటు దాకా వచ్చి అక్కడే మొండికేసింది.

అక్క చెయ్యి చాచింది. తాళం ఇచ్చేశాను. ఒక్క కిక్కుకే స్కూటరు అందుకుంది.

"ఇది పెట్రోలు బండి కదే! పెట్రోలు దొరక్కపోతే?" చెమట తుడుచుకుంటూ బావ ఆఖరి ప్రయత్నం చేశాడు.

"తోసుకుపోదాం. దీన్ని నేనొక్కదాన్నే తోస్తా. దాన్ని మీరిద్దరు మగాళ్లు తోస్తే గేటు కూడా దాటలేదు."

బావ నోటుపుస్తకంలో ఏదో కొట్టేసి, ఏదో రాసుకుని, వెనక ఎక్కాడు.

నేను స్కూటరును మళ్లీ చూశాను. పదకొండేళ్లయినా తుప్పు లేదు, పొగ లేదు, ఇంజను చప్పుడులో తేడా లేదు. అలాంటి సరుకు ఏడాదికి ఒకటి దొరికితే గొప్ప.

"అక్కా, ఇది నాకు అమ్మేయరాదూ? మంచి ధర ఇస్తా."

"లోకం మునిగాక రారా, చూద్దాం."

జీపుకూ గేటు స్తంభానికీ మధ్యనున్న సందులోంచి స్కూటరు సులువుగా దూరిపోయింది. నాకు మాత్రం ఆ రోజు ఇంకో బేరం తగల్లేదు. కార్లు అమ్ముదామని వచ్చిన ఇద్దరూ గేటులో జీపు అడ్డుండి వాటిని లోపలికి తేవడానికి దారి లేక, బయటినుంచే తిరిగిపోయారు.