ముత్తమ్మ మునుం

ఎడమ కాలువకు నీళ్లు వదిలి వారమైనా కాలేదు, గరిడేపల్లి చుట్టుపక్కల మళ్లన్నీ దమ్ము చేసేశారు. మిర్యాలగూడలో మిల్లున్న నర్సింగరావు పొలానికి నాటు వేయడానికి పదకొండు మంది ఆడవాళ్లు ఒకే ఆటోలో ఇరుక్కుని వచ్చారు. వాళ్లలో ముత్తమ్మ కూడా ఉంది.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, ఆరు కీమోలు అయిపోయి ఐదు నెలలు. మొన్న సూర్యాపేటలో తీసిన రిపోర్టులు బాగున్నాయన్నారు, ఆపరేషన్ అయిన పక్క చెయ్యి జాగ్రత్తగా చూసుకుంటూ పని చేసుకోవచ్చన్నారు. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. ముత్తమ్మకే, పొద్దున లేస్తే ఎందుకు లేచిందో తెలియడం లేదు. చీపురు కూడా ముట్టనివ్వరు. పద్నాలుగేళ్లు ఈ ముఠాకు ఆమే మేస్త్రి.

"అక్కా, నువ్వు గట్టు మీద కూర్చో, మా సద్ది డబ్బాలు చూస్తుండు," అంది కరుణ. కోదాడ నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చిన పిల్ల.

"సద్దికి కావలుండనీకి నేనెందుకే, కుక్కను కట్టేస్కో," అని ముత్తమ్మ చీర ఎగ్గట్టి దిగింది.

ఒక్కొక్కరు తమ వంతు పట్టె, అంటే మునుం, నాటుకుంటూ వెనక్కి జరగాలి. ఒక పక్క కరుణ, ఇంకో పక్క సైదమ్మ. కీమోల తర్వాత ముత్తమ్మ వేళ్ల కొసలకు స్పర్శ లేదు, నారు బురదలో దిగిందో లేదో చూస్తే గానీ తెలియదు. అయినా అందరితో సమానంగా జరుగుతోంది. ఎట్లా? తల తిప్పి చూసింది. మిగతా వాళ్లకు అడ్డంగా ఆరు కుదుళ్లు, పక్కనున్న ఇద్దరికీ ఎనిమిదేసి, తనకు రెండే.

"కరుణా, నీ చెయ్యి నా మునుంల ఏం జేస్తుంది?"

"ఏం లేదక్కా."

"నువ్వు సైదమ్మా?"

"జర పక్కకు ఒరిగిన, గంతే."

"ఇద్దరు నా దిక్కే ఒరిగిండ్రా?"

ఎవరో నవ్వి, ఆపేశారు.

"నువ్వు అలిసిపోతావని గదక్కా," అంది కరుణ.

ముత్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "బతికినవ్ గద, ఇగ కూసో అంటరు అందరు. గంత గోసపడి బతికింది కూసునేటందుకా? కూసుంటే మల్లొస్తదేమో అన్న బయమే నన్ను తింటది. నా మునుం నాకియ్యుండ్రి."

ఇద్దరూ పక్కకు జరిగారు.

మధ్యాహ్నానికి మిగతా పది మందీ తమ మునుం ముగించి ఒడ్డెక్కేశారు. ముత్తమ్మ మడి మధ్యలోనే ఉంది. నడుం పగిలిపోతోంది. భయం ఎక్కడికీ పోలేదు, ఆమెతోపాటు బురదలోనే ఉంది. కరుణ లేవబోతే సైదమ్మ కొంగు పట్టి కూర్చోబెట్టింది.

కాసేపటికి సైదమ్మే ఒడ్డు మీంచి అరిచింది. "మేస్త్రీ, సాలు వంకర పోతుంది, సూస్కుంటలేవా? పీకి పెట్టు."

ఐదు నెలల్లో ఆమెను ఒకరు తిట్టడం అదే మొదలు.

ముత్తమ్మ తల ఎత్తి చూసింది. నిజంగానే వంకర. "కండ్లు మంచిగనే ఉన్నయే నీకు," అని గొణిగి, రెండడుగులు ముందుకేసి, నాలుగు కుదుళ్లు పీకి, మళ్లీ నాటింది.

ఇంకా సగం మునుం ఉంది.