ఐదు సీసాలు, ఒకే సరుకు

మెయిల్ వచ్చేసరికి తేజస్వి వేళ్లకు పూతరేకు పంచదార అంటుకుని ఉంది. ఆత్రంగా తాకితే ఫోను తెరంతా జిగటయింది. చెన్నైలో ఉద్యోగానికి చివరి ఇంటర్వ్యూ, శనివారం. తను తయారు చేసిన క్వాంటం డాట్ల, అంటే వెలుగునిచ్చే అతిసన్నని రేణువుల, నమూనాలు వెంట తేవాలట. వాటిని చూసే తేలుస్తారట.

పెళ్లయిన రెండో నెల. ఏం చూసినా నవ్వొచ్చే రోజులు. నిరంజన్ ఆమె వేలి మీది పంచదార నాలుకతో అద్దుకుని, "మా ఆవిడ సైంటిస్టండోయ్" అన్నాడు, ముందువైపు నూనె కొట్టు దాకా వినబడేలా.

ల్యాబుకు సెలవులని ఆమె నమూనాల సీసాలు ఇంటికి తెచ్చుకుని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక పెట్టింది. ఆ సాయంత్రం హాల్లో దీపాలార్పి, కొట్లో దొంగనోట్లు పట్టే లైటు తెచ్చి వాటిమీద వేసింది. ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు, రెండు ఎరుపు.

"ఏం రంగులు కలిపేవమ్మాయ్?" అంది అత్తగారు అమ్మణ్ణి.

"రంగుల్లేవత్తయ్యా. ఐదింట్లోనూ సరుకు ఒకటే, రేణువు సైజే తేడా. ఎలక్ట్రాన్‌ని ఇరుకులో పెడితే దాని శక్తి పెరుగుతుంది. అందుకే చిన్న రేణువు నీలం, పెద్దది ఎరుపు. ఈ చివరిది గుండ్రం కాదు, పుల్లలా పొడుగు. ఎరుపే గానీ, ఒక్కో పుల్ల కాంతీ దాని పొడుగు వాటంగానే ఊగుతుంది."

"మన గదంత ఇరుకా?" చెవిలో గొణిగాడు నిరంజన్. నూనె డబ్బాలు సగం ఆక్రమించిన తమ గది తలచుకుని ఆమె కిసుక్కుమంది.

"అయితే చెన్నైలోనే ఉంటావా?" అడిగారు మావగారు గున్నేశ్వరరావు.

"రెండేళ్లేనండి మావయ్యగారు. ఈయనా సరేనన్నారు."

నిరంజన్ సీసాలు తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టాడు. చిన్న రేణువు నుంచి పెద్ద రేణువుకి, ఆఖర్న పుల్లలది. వరస ఒక్కటీ తప్పలేదు. ఎంత బాగా విన్నాడోనని తేజస్వి మురిసిపోయింది.

మర్నాడు గురువారం. శుక్రవారం పూజ కోసం ఆ ఇంట్లో వారం వారం కొట్టు కడుగుతారు. ఒకే రకం నూనె డబ్బాల అడుగున మిగిలిందంతా ఒకే డబ్బాలోకి వంచేస్తారు. ఆమె ప్రయాణానికి బట్టలు సర్దుకుంటుండగా వంటింట్లోంచి పెయింటు లాంటి వాసన, తన సీసాల్లోని ద్రావకం వాసన వచ్చింది. వెళ్లి చూస్తే, కడిగి బోర్లించిన ఐదు సీసాలు. పక్కన పాత తేనె సీసాలో అన్నీ కలిసిన ద్రవం.

"ఒకే సరుక్కి ఐదెందుకని వంచేశాను," అంది అమ్మణ్ణి చేతులు తుడుచుకుంటూ.

తేజస్వి పరిగెత్తి లైటు తెచ్చి వేసింది. తనకు తెలిసిన రంగు ఒక్కటీ లేదు. ఏదోలా పాలిపోయిన వెలుగు.

"శనివారంలోగా మళ్లీ చెయ్యలేనత్తయ్యా. నెలల పని ఇది."

"నాకేం తెలుసమ్మా? అబ్బాయినడిగే వంచాను."

నిరంజన్ గుమ్మానికి ఆనుకుని ఆఖరి పూతరేకు తింటున్నాడు. "సరుకు ఒకటేనని నువ్వేగా చెప్పావు తేజూ," అని నవ్వాడు. వేళ్లు మాత్రం ఈసారి తనవే చప్పరించుకున్నాడు.

మావగారు ఆమె చేతిలోని లైటు వైపు చూశారు.

"అది నీ చేతికి బానే అలవాటైంది. రేపు పూజవగానే కౌంటర్లో కూర్చో అమ్మాయ్, నోట్లు నువ్వే చూద్దువుగాని. అబ్బాయి స్టేషనుకెళ్లి టికెట్టు క్యాన్సిల్ చేయించుకొస్తాడు."