ఆమోదించినవారు

"రెండు రోజులూనా? ఆదివారం కూడానా?" అంది అత్తగారు, ఫ్రిజ్‌కి అంటించిన కాగితం వంక చూస్తూ.

ఆ కాగితం కోడలు రాసింది. మధ్యాహ్నం ఏ డబ్బా తీయాలి, ఎంతసేపు వేడి చేయాలి, అత్తగారి బీపీ మాత్ర ఎన్నింటికి, పాపని ఈత క్లాసుకి ఎవరు దింపాలి, తువ్వాలు ఏ సంచిలో ఉంది, అన్నీ గంటల వారీగా రాసి పెట్టింది. భర్త అది చదివి పకపకా నవ్వాడు.

"రాకెట్ వదులుతున్నావా ఏంటి? పోయి కంప్యూటర్ ముందు కూర్చుని నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కడమేగా!"

ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే వివరించాలి. ఆ ఓపిక ఎప్పుడో అయిపోయింది.

ఆమె పనిచేసేది పంపులు తయారుచేసే కంపెనీలో. ఆ పంపుల డ్రాయింగులు నలభై వేల పైచిలుకు, ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. అందరూ దాన్ని వాల్ట్ అంటారు. డిజైనరు ఒక డ్రాయింగు తీసుకుంటే దానికి తాళం పడుతుంది. తిరిగి పెట్టేదాకా ఇంకొకరు ముట్టుకోలేరు. పై అధికారి చూసి ఆమోదిస్తే తప్ప అది ఫ్యాక్టరీ గడప తొక్కదు. ఆ తాళాలన్నిటికీ కాపలా ఆమె. ఆఫీసులో పెట్టిన పేరు తాళం మేడమ్.

వాల్ట్ పదేళ్ల పాతదైపోయింది. శని, ఆదివారాల్లో కొత్త వెర్షన్‌కి మార్చాలి. ఆర్నెల్లుగా ప్రణాళిక రాసింది. విడిగా ఒక కాపీ పెట్టుకుని మూడుసార్లు రిహార్సల్ చేసింది. శుక్రవారం సాయంత్రం ఒక్కొక్క టేబుల్ దగ్గరికీ వెళ్లి, తీసుకున్న డ్రాయింగులు తిరిగి పెట్టించింది.

"సోమవారం పెట్టేస్తాలెండి మేడమ్," అన్నాడు ఒక డిజైనరు, బ్యాగు భుజానికి తగిలించుకుంటూ.

"సోమవారానికి ఈ వాల్టే ఉండదు బాబూ. నీ నెల రోజుల పని కూడా దాంతోపాటే పోతుంది."

అతను బ్యాగు దించి కూర్చున్నాడు.

శనివారం ఆఫీసులో ఆమె ఒక్కతే. అరవై కుర్చీలూ ఖాళీ. ఏసీ ఆపేశారు. గాజు తలుపు వెనక సర్వర్లు మాత్రం హోరుమంటున్నాయి. తోడంటే సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్ట్ మనిషి గొంతు, అదీ ఫోన్‌లోనే. "కాపీ అయిపోయిందా మేడమ్? సరే, డేటాబేస్ మొదలెట్టండి." మీట నొక్కింది. తెర మీద నీలం గీత చీమలా కదిలింది. డెబ్బై ఒకటో శాతం దగ్గర నలభై నిమిషాలు ఆగిపోయింది. చుట్టూ చూసింది, "ఆగిపోయింది" అని చెప్పడానికి ఎవరైనా ఉన్నారేమోనని. కనిపించింది తన కుర్చీ మీద తన చున్నీ ఒక్కటే. భోజనం డబ్బా విప్పి, తినకుండానే మూసేసింది. గీత మళ్లీ కదిలినప్పుడు "అమ్మయ్య" అని పైకే అంది. ఖాళీ హాల్లో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటిలోగా ముందుకు వెళ్లాలో, పాతదానికి తిరిగిపోవాలో తేల్చాలి. అందుకోసం పాత లెక్కా కొత్త లెక్కా పక్కపక్కన పెట్టి సరిచూసింది. డ్రాయింగులు సరిపోయాయి. సవరణలు సరిపోయాయి. చివరి పట్టిక, ఆమోదించినవారు. ఎవరెన్ని ఆమోదించారో పేర్ల వారీగా.

చీఫ్ ఇంజనీరు: నాలుగు వేల మూడు వందల పదహారు.

ఆమె: సున్నా.

అంకెలు తెలియనివి కావు. అలా పక్కపక్కన ఎప్పుడూ చూడలేదు, అంతే. ఎనిమిదేళ్ల క్రితం చీఫ్ తన పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఇచ్చాడు. "నాకెక్కడ తీరుతుందమ్మా, మీరే చూసి నొక్కేయండి, మీరు చూస్తే నేను చూసినట్టే." ఆమె డ్రాయింగులు గీసే చదువే చదివింది. చూడమంటే సంబరపడింది. ప్రతిదీ విప్పి చూసింది, కొలతలు కూడి చూసింది, ఎనిమిది రంధ్రాలుండాల్సిన మూతకి ఆరే ఉన్నాయని పట్టుకుంది. "మన చీఫ్ కంటి నుంచి ఈగ కూడా తప్పించుకోదు" అని మీటింగులో చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. తప్పు ఆమెదీ ఉంది. ఇంకొకరి పేరు మీద నొక్కిన వేలు ఆమెదే కదా. కానీ పోయినేడు డ్రాయింగులు పరిశీలించే ఉద్యోగం ఖాళీ అయితే దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూలో ఒకావిడ కంప్యూటర్ చూసి, "పరిశీలించిన అనుభవం వాల్ట్‌లో ఒక్కటీ లేదే మీకు" అంది. పక్కనే చీఫ్ కూర్చుని ఉన్నాడు. టీ కప్పులోకి చూస్తూ కిమ్మనలేదు. ఆ ఉద్యోగానికి వచ్చినవాడు మూణ్ణెల్లకే మానేశాడు. మళ్లీ ఖాళీ వచ్చింది, మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఈసారీ వాళ్లు చూసేది ఈ పట్టికే.

డేటాబేస్ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒక్క వాక్యం రాస్తే నాలుగు వేల పేర్లూ మారిపోతాయి. అడిగేవాడు లేడు. ఆమె వేళ్లు కీబోర్డు మీద ఒక్క క్షణం వాలాయి. వెంటనే తీసేసింది. దొంగ రాతతో నిజం రాయడమా!

ఇక మిగిలింది ఒక్కటే పని. కొత్త వెర్షన్‌లో ఆమోదించే ప్రతిసారీ ఆ మనిషి ఫోన్‌కి ఒక కోడ్ వస్తుంది. ఎవరి పేరుకి ఏ నంబరో ఆమే ఎక్కించాలి. అందరివీ అయ్యాయి. చీఫ్ పేరు పక్కన గడి ఖాళీగా ఉంది.

ఫోన్ చేసి, ఆయన నంబరు ఎక్కిస్తున్నానని చెప్పింది.

"నాదా? మీ నంబరే ఇచ్చేయండి తల్లీ," అన్నాడు చీఫ్. వెనక పిల్లల అరుపులు. "రోజూ ఈ కోడ్‌లంటే నేనేమైపోవాలి?"

"రూల్ ప్రకారం ఎవరి ఫోన్ వాళ్లదే ఉండాలి సార్."

"రూల్ రాసింది మీరేగా! సోమవారం పొద్దున్నే పదకొండు డ్రాయింగులు వెళ్లాలి. ఒక్కటి ఆగినా అప్‌గ్రేడ్ పాడైందంటారు. మాట మీకే వస్తుంది, చూసుకోండి."

బెదిరింపు కాదు. నిజమే చెప్పాడు. ఆర్నెల్ల కష్టం మీద మొదటి రోజే మచ్చ పడుతుంది. ఆమె ఇంకా ఫోన్ కింద పెట్టలేదు, భర్త నుంచి కాల్.

"చెల్లి పుట్టినరోజు ఇవాళ. పంపావా మెసేజ్?"

పెళ్లయిన దగ్గర్నుంచీ భర్త పేరుతో ఆడపడుచుకి శుభాకాంక్షలు పంపేది ఆమే. భర్త అకౌంట్ ఆమె ల్యాప్‌టాప్‌లోనూ తెరిచే ఉంటుంది. "అన్నయ్య ఒక్క ఏడాది కూడా మర్చిపోడు వదినా, నీకే గుర్తుండదు" అని ఆడపడుచు నిరుడు దెప్పింది కూడా.

"మీరే పంపండి," అంది.

"నాకవన్నీ రావుగా. సర్లే, బిజీగా ఉన్నట్టున్నావ్. తీరుబడిగా సాయంత్రం పంపుదువుగాని."

పెట్టేశాడు. ఆమె కాదన్న సంగతి అతని చెవికి చేరనే లేదు. కోపం రాలేదు. ఇంట్లో, ఆఫీసులో ఆమె చేసిన ప్రతి పని మీదా ఇంకొకరి పేరుంది. ఆమె రేపు మాయమైపోతే ఈ ప్రపంచంలో ఏ పట్టికలోనూ ఒక్క అంకె తగ్గదు.

రెండు యాభై ఐదు.

"మేడమ్, లైన్లో ఉన్నారా? ముందుకా, వెనక్కా?" టేబుల్ ఫోన్‌లో సపోర్ట్ మనిషి గొంతు.

ఆమె చీఫ్ నంబరు టైపు చేసింది. పది అంకెలూ రెండుసార్లు సరిచూసింది.

"ముందుకే," అంది.

సోమవారం ఎనిమిదిన్నరకి అరవై మంది కొత్త వాల్ట్ తెరిచారు. ఒక్క ఫైలూ పోలేదు. ఎవరూ ఏమీ అనలేదు. బాగా జరిగిన పనికి చప్పుడుండదు. తొమ్మిదింటికి మాత్రం ఫ్యాక్టరీ నుంచి కేకలు మొదలయ్యాయి. పదకొండు డ్రాయింగులూ చీఫ్ దగ్గరే ఆగి ఉన్నాయి. ప్రొడక్షన్ మేనేజర్ ఆయన గది ముందే నిలబడ్డాడు. గదిలోంచి ఆమె టేబుల్‌కి ఫోన్ వచ్చింది.

"ఏంటమ్మా ఇది, నా ఫోన్‌కి వస్తోంది కోడ్!"

"అవును సార్."

"ఇప్పుడు నేనేం చేయాలి?"

"డ్రాయింగు తెరవాలి సార్."

మౌస్ చప్పుడు. తర్వాత, బయట నిలబడ్డవాడికి వినపడకూడదన్నట్టు, చిన్న గొంతుతో అడిగాడు.

"తెరిచాను. ఇందులో... ఏమేం చూడాలమ్మా?"

ఆమెకి తెలుసు. నాలుగు నిమిషాల్లో చెప్పేయగలదు. ఎనిమిదేళ్లుగా పిలవగానే పరిగెత్తే కాళ్లు అప్పుడే కుర్చీ కింద కదిలాయి కూడా. వాటిని అక్కడే ఆపింది.

"ఆ ప్రశ్న వాల్ట్‌లోనే, ఆ డ్రాయింగు కింద రాసి నాకు పంపండి సార్," అంది. "జవాబు నా పేరుతో రాస్తాను."