పేరెత్తని ఏడాది

గ్నూ అనే అడవి జంతువుల మందలు నది అవతలి గట్టుకు చేరాయన్న కబురు వినగానే, కొయినెత్ చేతిలోని మొక్కజొన్న ఉగాలి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మిగతా టూరిస్టు జీపు డ్రైవర్లకు అది పండగ కబురు. టాంజానియా వైపు గడ్డి అయిపోగానే లక్షల జంతువులు మారా నది దాటి ఇటు కెన్యా వైపు వస్తాయి. వాటిని చూడటానికి దేశదేశాల జనం వస్తారు. కొయినెత్‌కు మాత్రం అది గడువు ముగిసిన కబురు. నిరుడు తల్లితో ఒక అబద్ధమాడాడు.

"తమ్ముడు నాతో గొడవపడి టాంజానియా వెళ్ళిపోయాడమ్మా. అక్కడెవరి ఆవులో కాస్తున్నాడట. వచ్చే ఏడు గ్నూలతో పాటే వస్తానన్నాడు."

జరిగింది వేరు. అవి కరువు రోజులు. అన్నదమ్ములిద్దరూ ఆవులను దొంగచాటుగా నది దాటించి, మేపి, తిరిగి తోలుకొస్తున్నారు. ముందు కొయినెత్, వెనక తమ్ముడు. నది మధ్యలో ఉండగా తమ్ముడు ఈల వేశాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ఆగమని దాని అర్థం. తను ఆగితే ముందున్న ఆవు వెనక్కి తిరుగుతుంది, మంద మొత్తం నీళ్ళలో చెదిరిపోతుంది. కొయినెత్ ఆగలేదు. మళ్ళీ ఈల వినిపించింది. అప్పుడూ ఆగలేదు. గట్టెక్కి చూసేసరికి నీళ్ళ మీద తమ్ముడి ఎర్ర దుప్పటి ఒక్కటే తేలుతోంది. మొసలి దాన్నీ లోపలికి లాక్కుపోయింది. ఆవుల్లో మాత్రం ఒక్కటీ పోలేదు. ఏం లాభం, ఆ ఆవుల పాలు అతను అప్పటినుంచి ముట్టడం లేదు.

తల్లి నైసియాయె ఏడాదిగా ప్రతి సాయంత్రం ముళ్ళకంచె వాకిట్లో నిలబడి, "తుంపెస్! ఒరే తుంపెస్!" అని పిలుస్తోంది. విన్నప్పుడల్లా కొయినెత్‌కు భయమేస్తుంది. పోయినవాళ్ళ పేరు ఎత్తకూడదు. ఎత్తితే, పిలిచారనుకొని వస్తారు. వాళ్ళ మాసాయి తెగ ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. పాపం తల్లికి తెలియక పిలుస్తోంది. వాడేమో వస్తున్నాడు. పిలుపు ఆగిన కాసేపటికి నది వైపునుంచి రెండు పొట్టి ఈలలు, ఒక పొడుగు ఈల. ఆవులు కూడా చెవులు రిక్కిస్తాయి. తల్లి మాత్రం ఏమీ విననట్టే పాలు పిండుకోవడానికి వెళ్ళిపోతుంది. 

"గ్నూలొచ్చాయటగా. రేపు నన్ను నదికి తీసుకెళ్ళు. తుంపెస్‌కి ఎదురెళ్తాను" అంది తల్లి ఆ రాత్రి.

"జీపులో నీకు కడుపులో తిప్పుతుందమ్మా."

"నిన్ను మోసిన కడుపురా ఇది. జీపుకు తిప్పుతుందా?"

మర్నాడు అతను పనిచేసే టూరిస్టు క్యాంపులో అతిథులు లేరు. మేనేజరును బతిమాలి జీపు తీసుకున్నాడు. గట్టుకు దూరంగా, పొదల చాటున అప్పటికే పది జీపులు ఆగి ఉన్నాయి. మొదటి జంతువు నీళ్ళలోకి దూకేదాకా ఎవరూ గట్టు దగ్గరికి పోకూడదు. పోతే మంద బెదిరి వెనక్కి మళ్ళుతుంది.

పక్క జీపులోంచి డ్రైవరు సంకాలే తల బయటపెట్టాడు. "ఏంటి బావా, ఇవాళ మీ అమ్మే టూరిస్టా? కెమెరా ఏది అత్తా?"

"కళ్ళున్నాయి కదరా. అవి లేనివాళ్ళకే కెమెరాలు" అంది నైసియాయె. అవతలి గట్టు నుంచి చూపు తిప్పలేదు.

అక్కడ గ్నూలు నేల కనపడకుండా నిలబడి ఉన్నాయి. ముందున్నవి దిగి, నీళ్ళు వాసన చూసి, మళ్ళీ వెనక్కి పోతున్నాయి. దుమ్ము లేస్తోంది.

"ఎందుకాగాయి?"

"భయం. ఒకటి దూకితే అన్నీ దూకుతాయి."

"ముందు దూకింది వెనక్కి చూస్తుందా?"

కొయినెత్ స్టీరింగు వైపు తల తిప్పుకున్నాడు. "చూడదమ్మా."

అప్పుడు వినిపించింది ఈల. పట్టపగలు, నది నడిమధ్య నుంచి. గ్నూలన్నీ ఒక్కసారిగా అటు తలలు తిప్పాయి.

"తమ్ముణ్ణి పిలువు" అంది తల్లి.

"ఈ గోలలో వినపడదమ్మా."

"నీ గొంతయితే వినపడుతుంది. పేరు పెట్టి పిలువు. ఒక్కసారి."

అతను నోరు తెరిచాడు. "తమ్ముడూ..."

"అది కాదు. పేరు."

పేరు పలికితే అబద్ధం ఇంకో ఏడాది బతుకుతుంది. కానీ పలికితే ఆ నీళ్ళలోంచి లేచేది తన కోసమే లేస్తుంది. తెరిచిన నోరు మూసేసుకున్నాడు.

తల్లి అవతలి గట్టు నుంచి కొడుకు వైపు తిరిగింది. "అబద్ధమాడితే అతికినట్టుండాలి కొడకా. తమ్ముడంటావు, వాడంటావు, చిన్నోడంటావు. ఏడాదిలో ఒక్కసారీ పేరెత్తలేదు. బతికున్నవాడి పేరెత్తడానికి ఎవరికైనా భయమా? నేను రోజూ పిలిచింది వాడి కోసం కాదు, నీ నోరు తెరిపిద్దామని."

"మరి ఆ ఈల నీకు..."

"నేనే నేర్పిన ఈల, నాకు వినపడదా? ఆగమంటున్నాడు."

"ఆగలేదమ్మా. ఆవులు చెదిరిపోతాయని ఆగలేదు. రెండుసార్లు పిలిచాడు." స్టీరింగు మీద తల వాల్చేశాడు.

అవతల మొదటి గ్నూ దూకింది. జీపులన్నీ గట్టు వైపు పరుగుతీశాయి. వాళ్ళ జీపు ఒక్కటే అక్కడే ఉండిపోయింది. నైసియాయె చెవుల పోగులు, మెడలోని పూసలు ఒక్కొక్కటే తీసి ఒడిలో పెట్టుకుంది. కొడుకును తిట్టలేదు, ముట్టుకోనూ లేదు.

"ఇంటికి పద. నీకు గుండు నేను గీస్తాను, నాకు నువ్వు గీద్దువు" అంది.

ఆ సాయంత్రం తల్లి వాకిట్లో నిలబడింది గానీ ఎవరినీ పిలవలేదు. పిలవకపోయినా ఈల వచ్చింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ఆవులకు ముందు నడుస్తున్న కొయినెత్ ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. అతను ఆగడంతో ముందున్న ఆవు వెనక్కి తిరిగింది, మంద చెదిరిపోయింది. చెదిరిపోనీ అనుకుని అక్కడే నిలబడ్డాడు.