నున్నటి దవడలు

ఆ షెడ్డులో వైద్య కళాశాలల కోసం ప్లాస్టిక్ ఎముకలు పోస్తారు. నడిపేది పెద్దకోడలు. అచ్చులోంచి తీసిన ఎముకల అంచులు సాండ్‌పేపర్‌తో రుద్దేది చిన్నకోడలు. ఇంకొక్క తప్పు జరిగితే ఇంట్లో కూర్చోవాల్సిందేనని పెద్దామె తెగేసి చెప్పింది. చిన్నామెకు ఇల్లు దాటడానికి ఆ షెడ్డు తప్ప ఇంకో వంక లేదు. అందుకే ఈసారి కింది దవడలను ఒళ్ళు దగ్గర పెట్టుకుని అద్దంలా రుద్దింది.

ఆ దవడలే పెట్టెతో సహా తిరిగొచ్చాయి. వెంట కాలేజీలో అనాటమీ పాఠం చెప్పే మేడమ్ కూడా వచ్చింది.

"ఈ మనిషి పుట్టి బుద్ధెరిగాక ఏమీ నమల్లేదా అమ్మా?" అంది, ఒక దవడ తీసి బల్లమీద పెట్టి. "చెవి కింద ఈ మూల గరుకుగా ఉండాలి. నమిలే కండరం అతుక్కునేది ఇక్కడే. లోపలివైపు దాని జోడీ అతుక్కుంటుంది, అక్కడా గరుకే. పైన ఈ కొమ్ముకు కణత నుంచి దిగే కండరం. అన్ని గుర్తులూ చెరిపేస్తే పిల్లలకు ఏం చూపించను?"

పెద్దకోడలు చిన్నకోడలి వైపు చూసింది.

"గరుకంతా అచ్చులో లోపమేమో అనుకున్నానండీ," అంది చిన్నకోడలు.

"ఇలా రా. పళ్ళు గట్టిగా బిగించు." మేడమ్ ఆమె రెండు చెంపల మీదా వేళ్ళు పెట్టింది. "ఇదిగో, పొంగింది చూడు, ఇదే ఆ కండరం. ఇంత గట్టిగా ఉందేంటి? రాత్రిళ్ళు పళ్ళు నూరుతావా?"

"రాత్రి కాదండీ. పగలే."

అనేశాక గానీ నోరు జారిందని తెలియలేదు. ఎవరి మీదని మేడమ్ అడగలేదు. కొత్తవి ఎప్పుడిస్తారో కనుక్కుని వెళ్ళిపోయింది.

పెద్దకోడలు తన చెంపల మీద వేళ్ళు పెట్టి పళ్ళు బిగించి చూసుకుంది. చెప్పుకోదగ్గదేమీ తగల్లేదు. దేన్నీ పంటి బిగువున ఓర్చుకునే అవసరం ఆవిడకు ఏనాడూ రాలేదు మరి. అనాలనుకున్నది మొహానే అనేసేది.

చిన్నకోడలు ఏప్రన్ విప్పి మేకుకు తగిలించింది.

"వెళ్తానక్కా."

"ఎక్కడికి? ఇవన్నీ మళ్ళీ పోయొద్దూ? మూలలు ముట్టకు, అంచులు రుద్దు చాలు." పెద్దకోడలు మేకునున్న ఏప్రన్ తీసి ఆమె చేతికిచ్చింది. "పళ్ళు నూరితే అరిగిపోతాయి. ఏదన్నా ఉంటే నోటితో చెప్పు."

"ఇప్పుడే చెప్పనా?"

పెద్దకోడలు స్టూలు లాక్కుని కూర్చుంది.

చిన్నకోడలు నోరు తెరిచింది. ఎన్నాళ్ళ బిగువో, దవడ కటుక్కుమంది.