త్రూ ప్రాపర్ ఛానెల్

కాలేజీకి చెల్లెల్ని ప్రిన్సిపాల్‌గా వేశారని తెలిసిన రోజు అక్క ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఆమె కూడా ఇచ్చింది.

అక్క కెమిస్ట్రీ చెబుతుంది. పిల్లలు చాటుగా ఆమెను ‘ఆమ్లం’ అంటారు. చెల్లెలిది ఫిజిక్స్. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు చెల్లెల్ని క్లాసు గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది అక్కే. ఇద్దరిదీ ఒకే ఇల్లు. కింద అక్కా బావా, పైన పెళ్ళి చేసుకోని చెల్లెలు. భోజనాలు మాత్రం కిందే.

కొత్త ప్రిన్సిపాల్ని కాలేజీ నడిపే ట్రస్టువాళ్ళు ముందుగా విద్యాసంస్థల నిర్వహణ మీద శిక్షణకు పంపించారు. అక్కడ టై కట్టుకున్న ఒకాయన పని విభజన గురించి, బాధ్యతకు తగ్గ అధికారం గురించి, ఒక ఉద్యోగికి ఒకే పైఅధికారి ఉండాల్సిన అవసరం గురించి గంటల తరబడి చెప్పాడు. చెల్లెలికి అన్నీ నచ్చాయి. పాత ప్రిన్సిపాల్ గది సంతలా ఉండేది. ఫ్యాను తిరగట్లేదని ఒకరు, పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళు తమ బెంచీ ఎత్తుకుపోయారని ఒకరు, అసలు ఎత్తుకుపోలేదని మరొకరు వచ్చేవారు. ఆయన అందరికీ ‘అలాగే’ అనేవాడు.

ఒకే పైఅధికారి అన్న సూత్రం ఆమెకు మరీ నచ్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. అక్క తన గదిలోకి వచ్చి ఎదురుగా నిలబడితే, తను కుర్చీలోంచి లేవాలో వద్దో ఆమెకింకా తేలలేదు.

అందుకని మొదటి స్టాఫ్ మీటింగులోనే చెప్పేసింది. “ఇకమీదట ఏ విషయమైనా వైస్ ప్రిన్సిపాల్‌గారికి చెప్పండి. ఆయన నా దగ్గరికి తెస్తారు. ఎవరూ నేరుగా నా గదికి రావద్దు.” ఆ మాటే తలుపు మీద బోర్డుగా కూడా వెలిసింది.

వైస్ ప్రిన్సిపాల్ హిస్టరీ లెక్చరర్, పరమ సౌమ్యుడు. జీవితంలో ఎవరినీ నొప్పించకుండా గోడ మీద పిల్లిలా నెట్టుకొచ్చిన మనిషి. ఇంతమంది వచ్చి తనకే చెప్పుకుంటారని తెలిసేసరికి ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

అక్క లేచి, “ఇంట్లో కూడానా, మేడం?” అంది.

కొందరు నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. “ఇది కాలేజీ గురించే చెప్పానండీ,” అంది.

అక్క మాత్రం తేడా చూపలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర చెల్లెలు పక్కనే కూర్చుని ఉండగా, “ఏవండీ, పైవాళ్ళకి కాస్త చెప్పండి, పొద్దున మోటారు కట్టెయ్యకుండా వెళ్ళిపోయారని,” అంది.

బావ రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. జెండా ఊపడమే తప్ప బండి ఎందుకు కదలడం లేదని అడిగే అలవాటు ఆయనకు లేదు. “ఏమ్మా, మోటారు కట్టెయ్యలేదట,” అన్నాడు.

“విన్నాను బావగారూ.”

“విందట,” అన్నాడాయన భార్య వైపు తిరిగి, కూర వడ్డించుకుంటూ.

అలా కొన్ని వారాలు గడిచాయి. కాలేజీలో చెల్లెలి గది ప్రశాంతంగా ఉండేది. వైస్ ప్రిన్సిపాల్ అన్నీ విని, దేన్నీ ఆమె దగ్గరికి తేవడం లేదు. ఫిర్యాదులు లేవు కాబట్టి కాలేజీ గాడిన పడిందని ఆమె అనుకుంది.

ఒకరోజు ఆమె కిటికీలోంచి చూస్తే, క్లాసులు జరగాల్సిన వేళ పిల్లలంతా మైదానంలో ఎండలో కూర్చుని ఉన్నారు. గబగబా కిందికి దిగింది. వైస్ ప్రిన్సిపాల్ గదికి తాళం వేసి ఉంది. దాని ముందు బెంచీ మీద అక్క చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

“ఏమైంది? పిల్లలు బయటున్నారేంటి?”

“వైస్ ప్రిన్సిపాల్‌గారి కోసం చూస్తున్నాను, మేడం. పన్ను పీకించుకోవడానికి వెళ్ళారట.”

“అక్కా!”

“ల్యాబులో గ్యాసు వాసన వచ్చింది. బర్నర్లకి వచ్చే పైపు గోడ దగ్గర చిల్లిపడింది. మెయిన్ వాల్వు కట్టేశాను, కిటికీలు తీశాను, పిల్లల్ని బయటికి పంపాను. పక్కన ఫిజిక్స్ ల్యాబు వాళ్ళనీ లేపేశాను. అది నా డిపార్ట్‌మెంట్ కాదు. మెమో ఇవ్వాలంటే ఇవ్వండి.”

చెల్లెలు అక్క పక్కనే కూలబడింది. “నాకెందుకు చెప్పలేదు?”

“బోర్డు ఉందిగా.”

“ఇలాంటప్పుడు కూడా బోర్డు చూస్తారా ఎవరైనా?”

“పైపు సంగతి రెండు సార్లు ఆయనకి చెప్పాను. ‘చూద్దాం’ అన్నారు. నీ దాకా వచ్చిందనుకున్నాను. వచ్చినా నువ్వు పట్టించుకోలేదనుకున్నాను,” అంది అక్క. ఈసారి మేడం అనలేదు.

చెల్లెలు ట్రస్టు ఛైర్మన్‌కి ఫోన్ చేసింది. ఆయన టింబర్ డిపో యజమాని. మరమ్మతులన్నీ సబ్ కమిటీలో పెట్టాలని, సబ్ కమిటీ వచ్చే నెల కూర్చుంటుందని ఆయన మర్యాదగానే చెప్పాడు. ఆమె అలాగేనండీ అని ఫోన్ పెట్టేసి, పైపులవాణ్ణి పిలిపించింది. సాయంత్రానికల్లా రెండు ల్యాబుల పైపులూ మార్పించింది.

సబ్ కమిటీ వచ్చే నెల దాకా ఆగకుండా ఆ వారంలోనే కూర్చుంది. ప్రిన్సిపాల్ని, కెమిస్ట్రీ హెడ్డు అయిన అక్కని ఇద్దర్నీ పిలిచారు.

“పిల్లల్ని బయటికి పంపమని ఆర్డరు ఇచ్చిందెవరు?” అన్నాడు ఛైర్మన్.

“నేనే సార్,” అంది చెల్లెలు.

“కాదు సార్, అబద్ధం,” అంది అక్క. “ఆవిడకసలు తెలియదు. పైన తలుపు మూసుకుని కూర్చుంది. పంపింది నేను.”

చెల్లెలికి తల కొట్టేసినట్టయింది. అక్క ఆగలేదు. “కానీ పైపు మార్పించింది ఆవిడే. మీరు వద్దన్నాక మార్పించింది. ప్రాణాలకి జవాబుదారీ ఆవిడదైనప్పుడు, పైపుల మనిషిని పిలవడానికి మీ అనుమతి ఎందుకో నాకు అర్థం కావట్లేదు సార్.”

ఛైర్మన్ చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చివరికి అత్యవసర మరమ్మతులు ప్రిన్సిపాలే చేయించవచ్చని తీర్మానించారు. అనుమతి లేకుండా చేయించినందుకు ఆమెను మందలిస్తూ కూడా తీర్మానించారు. రెండూ ఏకగ్రీవంగానే.

ఇంటికి నడుస్తూ చెల్లెలు అడిగింది. “అందరి ముందూ అలా అనాలా?”

“నువ్వు అబద్ధం ఆడాలా?”

చెల్లెలు, “నా మీద కోపంగా ఉందా?” అంది.

“ఉంది,” అంది అక్క. “ఆ ఉద్యోగం నాకు వస్తుందనుకున్నాను. రాలేదు. నువ్వేమో ఆ సంగతి ఎత్తకుండా తలుపు మూసుకున్నావు. ఒక్కసారి వచ్చి కూర్చుంటే ఒక పూట ఏడ్చి ఊరుకునేదాన్ని.”

చెల్లెలు మర్నాడు బోర్డు పీకించింది. గది మళ్ళీ సంత అయింది. ఎవరు ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పకుండానే చెయ్యాలో ఆమె ఒక్కొక్కరితో కూర్చుని తేల్చుకుంది. దానికి ఆ ఏడాదంతా పట్టింది. వైస్ ప్రిన్సిపాల్‌కి ఆటల పోటీలు అప్పగిస్తే ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

ఏడాది చివర్లో ఊరి అవతల ఇంకో కాలేజీలో ప్రిన్సిపాల్ పోస్టు పడింది. అక్క దరఖాస్తు పట్టుకుని చెల్లెలి గదికి వచ్చింది. అది పైఅధికారి సిఫార్సుతో వెళ్ళాలి. చెల్లెలు తలుపు వేసుకుని మధ్యాహ్నం దాకా రాసింది.

“నేను మాట విననని రాశావా?” అంది అక్క.

“లేదు. స్వతంత్రంగా నిర్ణయాలు తీసుకుంటారని రాశాను.”

“అదే కదా.”

అక్కకి ఆ ఉద్యోగం వచ్చింది. చేరే రోజు పొద్దున బావ ఆమెను బస్సు ఎక్కించడానికి వెళ్ళాడు. ఆ బస్సు అటు పోతుంది, కాలేజీ ఇటు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి చెల్లెలు ఒంటరిగా నడిచి వెళ్ళింది. కెమిస్ట్రీ ల్యాబులో కొత్త లెక్చరర్ ఆమెను చూసి వినయంగా లేచి నిలబడ్డాడు, అన్నీ బాగున్నాయన్నాడు. ఆ రోజు సాయంత్రం దాకా ఆమెకు అతని మీద కారణం లేకుండా కోపంగానే ఉంది.