చింతచెట్టు మీది నుంచి పడినోళ్లు

కాంట్రాక్టరు శ్రీరంగప్ప, కూలీ ఓబుళేసు ఇంటికి పాడావును తోలించాడట. ముందు చూసింది లక్ష్మక్క. కుళాయి దగ్గర ఆమె అన్న మాట సాయంత్రానికల్లా రాప్తాడు పక్కనున్న మా కాలనీ అంతా తిరిగింది. "మొగుని నడుము ఇరిగితే ఆంజినమ్మకు ఆవొచ్చె. మా ఆయప్ప పెండ్లైనప్పట్నుంచి సెంట్రింగు ఎక్కుతానే ఉండాడు, ఒక ఏలన్నా ఇరగదు!" అన్నదట. విన్నవాళ్లంతా నవ్వారట. నవ్వినవాళ్లే మర్నాటి నుంచి పని లేకపోయినా ఆ సందులోంచి నడిచి, పొదుగెంతుందో చూసి వచ్చేవాళ్లు.

మల్లీశ్వరికి నవ్వు కూడా రాలేదు. హైవే పక్కన కడుతున్న గోడౌనులో స్లాబు కింద కట్టిన సెంట్రింగు కూలినప్పుడు ఓబుళేసుతో పాటు ఆమె మొగుడు తిమ్మన్న కూడా పడ్డాడు. అతని కుడికాలు మోకాలి కింద తీసేశారు. పడింది ఇద్దరు, ఆవు ఒకరికే. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అవతల పాలు కాగిన వాసన వస్తే, ఇవతల మల్లీశ్వరి కట్టెలను ఫెళఫెళ విరిచి పొయ్యిలోకి తోసేది.

ఆ రోజు పడినవాళ్లను ఆటోలో వేసుకుపోయిన తోటి కూలీలు, ఆసుపత్రిలో "చింతచెట్టు మీది నుంచి పడినారు" అని చెప్పారు. అట్లా చెప్పమన్నది మేస్త్రి. పనిలో పడ్డారంటే పోలీసులొస్తారు, పని నిలిచిపోతుంది, అందరి పొయ్యీ ఆరుతుంది అన్నాడు. అది చింతకాయల కాలం కూడా కాదు. అయినా డాక్టరు రాసుకున్నాడు. మా వైపు ఏ కట్టడం మీది నుంచి పడినా కూలీ చింతచెట్టు మీది నుంచే పడతాడు.

భవన కార్మికుల సంఘం నుంచి అరుణజ్యోతి వచ్చి, రేషన్ షాపు ముందర మీటింగు పెట్టింది.

"పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే పరిహారం దయ కాదన్నా, చట్టం. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే గోడౌను ఓనరు ఇయ్యల్ల. కానీ ఆసుపత్రిలో చింతచెట్టు అని రాసుండాది. పక్కన పని చేసినోళ్లు లేబరు ఆఫీసుకొచ్చి, మేం చూసినామని చెప్పల్ల."

ఎవరూ లేవలేదు. కడకు సెంట్రింగు కూలీ రంగన్న నోరు తెరిచాడు. "వాళ్లకు ఆవులొస్తాయి, సాక్షి చెప్పిన మాకు పని పోతాది. బాగుందమ్మా నీ చట్టం."

"రేపు నువ్వు పడితే?"

"పడితే నాకూ ఆవిస్తాడులే!"

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులోంచే మల్లీశ్వరి లేచింది.

"నాకు సాక్షులొద్దు, చట్టమొద్దు. ఆయమ్మకేమిచ్చినారో నాకూ అదే ఇయ్యమనండి." వెనక నిలబడ్డ ఆంజినమ్మ వైపు చెయ్యి చాపింది. "ఇది దినమ్మూ నెయ్యి కాస్తాంటే నేను ముక్కు మూసుకోని బతకల్లనా?"

ఆంజినమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"తోలుకపోవే. ఇప్పుడే తోలుకపో. వానల్లేక యాడా గడ్డిపోచ ల్యాదు. పాలన్నీ హోటలుకు పోసి, ఆ దుడ్లతో దానికే మేత తెస్తాండా. దానికీ నీళ్లు మోయల్ల, ఆయప్పకూ నీళ్లు మోయల్ల. నెయ్యంట నెయ్యి! నన్ను సూసి నువ్వు కుళ్లుతాండావు, నిన్ను సూసి నేను కుళ్లుతాండా. నీ మొగుడు కర్ర పట్టుకోని వాకిట్లోకొస్తాడు. బీడీ అడుగుతాడు, నిన్ను తిడతాడు. నావాడు పక్కకు తిరగల్లన్నా నేనే తిప్పల్ల. మీ కొట్లాట గోడ అవతల ఇనపడితే నాకు ఏడుపొస్తాది."

మల్లీశ్వరి చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో దాచుకుంది.

"ఆవును ఊరికే ఇచ్చినాడా అక్కా?" అని అడిగింది అరుణజ్యోతి.

"కేసు పెట్టగూడదన్యాడు. ఎవరడిగినా చింతచెట్టే అనమన్యాడు. పోతా పోతా మేస్త్రితో ఇంగో మాట అన్యాడు. ఒకరికిస్తే సాలు, మిగతా పని కాలనీవోళ్లే సూసుకుంటారని."

రంగన్న మొహం మాడిపోయింది. "అంటే మన కుళ్లును గూడా పనికి పెట్టుకున్యాడు నా కొడుకు. అదీ కూలి లేకుండా!"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. మొత్తం ఒకే ఊపున పోయాలి. ఆ పొద్దు కూలీ చెయ్యి లేవకపోతే కాంట్రాక్టరుకు కాళ్లాడవు. గోడౌనుకు మళ్లీ స్లాబు పోసే రోజు దగ్గరికొచ్చింది. ముందురోజు ఆంజినమ్మ, మల్లీశ్వరి కలిసి ఆవును తోలుకుపోయి శ్రీరంగప్ప ఇంటి గేటుకు కట్టేసి వచ్చారు. తెల్లారి కాలనీ అంతా పనికి పోయినట్టే పోయింది. ఓబుళేసును మంచంతో సహా మోసుకొచ్చి, అతను పడిన చోటనే దించారు. తిమ్మన్న కర్ర ఆనించి మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు.

కాంక్రీటు కలిపే మిల్లరు ముందు శ్రీరంగప్ప టెంకాయ కొట్టాడు. ఒక్కరూ తట్ట ముట్టలేదు.

"ఏమప్పా ఇది? ఎండెక్కుతాంది, ఎక్కండి పైకి!"

"మేమందరం లేబరు ఆఫీసులో సాక్ష్యం చెప్తాం" అన్నాడు రంగన్న. "నువ్వూ, నీ ఓనరూ వచ్చి, వీళ్లు ఈడ్నే పడినారని ఒప్పుకోండి. అంతదంకా స్లాబు ల్యాదు."

"పోలీసులను పిలుస్తా!"

"పిలువు సామీ" అంది లక్ష్మక్క. "వాళ్లకు గూడా ఈ చింతచెట్టు సూపిస్తాం."

శ్రీరంగప్ప ఆంజినమ్మ మీదికి వచ్చాడు. "మొన్నటిదంకా ఒకరిని సూసి ఒకరు ఏడుస్తాంటిరి. ఇప్పుడందరూ కలిసి నా మీద పడితిరి. నన్ను సూసి మీకేంటికే ఇంత కుళ్లు?"

ఆంజినమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"నువ్వు నిలబడుకోనుండావు. అందుకు."